రెండోసారి కడగని ట్యూబు

మా ల్యాబు బందరు బస్టాండు వెనక సందులో, రొయ్యల మేత అమ్మే కొట్టు మీద, పై అంతస్తులో ఉంటుంది. ల్యాబు అనగానే అద్దాల మేడ ఊహించుకోకండి. రెండు గదులు, ఒక వరండా. వరండాలో రైతులు కూర్చోవడానికి ఒక ఇనప బెంచీ. లోపలి గదిలో మెషీన్లు, డీప్ ఫ్రీజరు, నేను. ఏడేళ్లుగా అక్కడే పనిచేస్తున్నాను. నా పేరు నాగమల్లేశ్వరి, అందరూ మల్లి అంటారు. మాది గిలకలదిండి. మా నాన్న ఇప్పటికీ బోటు మీద వేటకి వెళ్తాడు. ఇంట్లో చేపల వాసన, ఇక్కడ ఫినాల్ వాసన. నా ముక్కుకి సుఖం రాసిపెట్టి లేదు.

చెరువులో వెయ్యబోయే రొయ్య పిల్లకి జబ్బు ఉందో లేదో చెప్పడం నా పని. గుడ్లు పొదిగించే హేచరీ నుంచి సీడ్ బండి, అంటే పిల్లల బండి, వస్తుంటే రైతు ఒక ఆక్సిజన్ కవరులో కాసిని పిల్లల్ని పట్టుకొస్తాడు. వెంట్రుకంత సన్నంగా ఉంటాయి. వాటిని నలిపి, గులాబీ రంగు ఫినాల్ మందు పోసి, క్లోరోఫాం కలిపి, గిరగిరా తిప్పే మెషీన్లో పెడతాను. తిప్పాక అడుగున గులాబీ రంగు, పైన తేట మిగులుతాయి. ఆర్ఎన్ఏ అన్నది ఆ తేటలో ఉంటుంది. రొయ్యదీ అందులోనే, వైరస్ ఉంటే దానిదీ అందులోనే. తేటని వేరే ట్యూబులోకి తీసి ఆల్కహాల్ పోసి మళ్లీ తిప్పితే అడుగున ఒక తెల్ల చుక్క అంటుకుంటుంది. సగ్గుబియ్యం గింజలో పదో వంతు ఉంటుందేమో. దానికోసమే ఈ గొడవంతా.

ఆ చుక్కని స్పిరిటుతో రెండుసార్లు కడగాలి. ఒకసారి కాదు, రెండుసార్లు. ఎందుకంటే ఫినాలూ, ఉప్పూ దాన్ని పట్టుకుని వదలవు. అవి కొంచెం మిగిలిపోయినా చివర్లో చూసే పీసీఆర్ మెషీన్ మొద్దుబారిపోతుంది. వైరస్ దాని ముందే ఉన్నా కనబడదు.

ఆ మెషీన్ తెర మీద మేం రెండు గీతలు చూస్తాం. ఎర్ర గీత వైరస్‌ది. అది పైకి లేచిందా, జబ్బు ఉన్నట్టు. పచ్చ గీత రొయ్య సొంతది. ట్యూబులో రొయ్య ఉంది కాబట్టి అది లేచి తీరాలి. పచ్చ గీత కూడా లేవలేదంటే టెస్టు చెల్లనట్టు. మళ్లీ మొదట్నించీ చెయ్యాలి. ఇవి కాక ప్రతి బ్యాచిలో ఒక ఖాళీ ట్యూబు పెడతాం. అందులో పిల్ల ఉండదు, ఉత్త నీళ్లు. దానికీ అన్ని మందులూ పోస్తాం, అన్నిసార్లూ కడుగుతాం. అందులో ఏమీ రాకూడదు. వచ్చిందంటే ల్యాబులోనే ఎక్కడో మురికి ఉన్నట్టు.

ఈపాటి తెలిస్తే చాలు. ఇక నేను చేసిన పని చెబుతాను.

ఈ జులైలో ఒక పొద్దున నాగాయలంక దగ్గర్నించి శోభనాద్రి గారు వచ్చారు. రెండు చెరువుల రైతు, సొంత పొలం తవ్వించుకున్నాయన. నేను బాబాయ్ అనేదాన్ని. సీడ్ కవర్లకి కట్టే రబ్బరు బ్యాండ్లు పారెయ్యడానికి మనసొప్పక కుడి చేతి మణికట్టుకి తొడుక్కునేవాడు. ఎప్పుడు చూసినా పది పన్నెండు ఉండేవి. వరండాలో బెంచీ మీద కూర్చుని రిజల్టు కోసం చూస్తూ ఒక్కోదాన్నీ లాగి వదిలేవాడు. టప్. కాసేపాగి మళ్లీ టప్. నాకు ఒళ్లు మండిపోయేది. బాబాయ్, ఆ చప్పుడు ఆపకపోతే నీ సీడ్‌కి లేని జబ్బు రాసేస్తానని వేళాకోళం ఆడేదాన్ని. నవ్వి రెండు నిమిషాలు ఆపేవాడు, అంతే.

ఆ రోజు సీడ్ బండి కిందే ఆగి ఉంది. ఎండెక్కితే పిల్ల చస్తుంది. తెల్లవారుజాము నుంచీ అది పద్నాలుగో సాంపిలు. దానికి తోడు ల్యాబు నడిపే మా సారు జీవన్ కుమార్ తొందర. నేను రెండో కడుగు ఎగ్గొట్టాను. మొదటిది కూడా సరిగ్గా వంచలేదేమో. తెర మీద ఎర్ర గీత లేవలేదు. పచ్చ గీతా లేవలేదు.

చూశాను. చూడలేదని చెప్పను. పచ్చ గీత నేలకంటి ఉంది. మళ్లీ మొదట్నించి చెయ్యాలంటే నాలుగు గంటలు. ఏమీ రాలేదు కాబట్టి ఏమీ లేదనుకున్నాను. ఏడేళ్లలో ఎంత సీడ్ చూశాను, ఆ హేచరీ పిల్ల ఎప్పుడూ శుభ్రంగానే ఉంటుంది కదా అనుకున్నాను. నెగెటివ్ అని రాసి సంతకం పెట్టాను. ఆయన ఆ కాగితాన్ని కళ్లకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు.

నలభై రోజులకి రెండు చెరువులూ పోయాయి. రొయ్యలు కండ తెల్లబడి, తోక ఎర్రబడి, కుప్పలుగా ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. ఆయన కొన్ని క్యారేజీలో వేసుకుని మా ల్యాబుకొచ్చాడు. కేకలు వేస్తాడేమో అనుకున్నాను. వెయ్యలేదు. ఆ పాత సీడ్ కొంచెం మీ దగ్గర దాచి ఉంటారు కదా, దాన్నే ఇంకోసారి చూస్తావా అమ్మా, అని అడిగాడంతే. అలాగే బాబాయ్, ఖాళీ అయ్యాక చూస్తానన్నాను. చూడలేదు. నాలుగో రోజున, చచ్చిన చెరువులోంచి నీళ్లకి గాలి కొట్టే ఏరియేటరు తీస్తుండగా ఆయన కరెంటు కొట్టి పోయాడని సారు చెప్పాడు. స్విచ్చి కట్టెయ్యడం మర్చిపోయాడో, తెలిసే దిగాడో ఎవరికీ తెలియదు. సారు చెబుతుంటే నేను ట్యూబుల మీద నంబర్లు రాస్తున్నాను. చెయ్యి ఆగలేదు. ఏడుపు రాలేదు. మధ్యాహ్నం క్యారేజీ విప్పి అన్నం కూడా తిన్నాను.

అక్టోబరులో ఒక గురువారం ఆయన కూతురు వినీల బస్సు మారి మారి ఒక్కతే వచ్చింది. పదిహేడేళ్ల పిల్ల. బెంచీ చివర ముడుచుకుని కూర్చుంది. మెల్లగా చెప్పుకొచ్చింది. ఆగస్టులో ఒక రోజు తండ్రికి టిఫిను ఇద్దామని చెరువు గట్టెక్కిందట. అప్పుడు తను బయట ఉంది. ఆ సంగతి తర్వాత నాయనమ్మకి తెలిసింది. వారం తిరక్కుండానే చెరువులు పోయాయి. ఇక ఊరంతా అదే మాట. అంటుతో గట్టెక్కి చెరువుల్ని తినేసింది, తండ్రిని తినేసింది అని. తల్లి సరోజ గారు అవునని అనరు, కాదని అనరు. వినీల కాలేజీ మానేసింది.

"నేను గట్టెక్కిన మాట నిజమే అక్కా. అప్పటి సీడ్ ఏమన్నా మిగిలిందా? దాంట్లోనే జబ్బు ఉందేమో చూస్తారా?"

నాకు ఇదేం కొత్త కాదు. మా ఇంట్లోనూ ఆ మూడు రోజులూ మా అమ్మ వల ముట్టుకోదు, బోటు వైపు కూడా వెళ్లదు. అదంతా ఒట్టిదని ఏడేళ్లుగా వైరస్‌లు చూస్తున్న నాకు తెలియదా? తెలుసు. ఆ సీడ్ కూడా ఉంది. ఫ్రీజరులో, మూడో పెట్టెలో, నా చేత్తో శో-3 అని రాసిన ట్యూబు. నాలుగు గంటల పని. అది చేస్తే ఈ పిల్ల బతుకు బాగుపడుతుంది. చేస్తే నా సంతకం కూడా బయటపడుతుంది.

"పారేశామమ్మా," అన్నాను. "మూడు నెలలు దాటితే ఉంచం."

తలూపి వెళ్లిపోయింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు కూడా లేదు.

మర్నాడు శుక్రవారం. ఖాళీ ట్యూబులో ఎర్ర గీత లేచింది.

మొదటిసారి కదా, చెయ్యి జారి ఉంటుందనుకున్నాను. శనివారం మళ్లీ లేచింది. సోమవారం లేచింది. నీళ్లు మార్చాం. మందులన్నీ కొత్త సీసాలు విప్పాం. బ్లీచింగుతో బల్లలు, గోడలు, తలుపు గడియలు కూడా తుడిచాను. సారు గుడివాడ ల్యాబు నుంచి మందు చుక్కలు కొలిచి తీసే పిప్పెట్లు వేరేవి తెచ్చాడు. అయినా ఉత్త నీళ్లలో ఎర్ర గీత లేస్తూనే ఉంది. పచ్చ గీత లేవదు. అంటే అందులో రొయ్య లేదు. వైరస్ మాత్రం ఉంది. రొయ్య లేకుండా అది ఎక్కడుందని సారు తల పట్టుకున్నాడు. మూడు వారాలు ఒక్క రిపోర్టూ ఇవ్వలేకపోయాం. సోమవారానికి ఖాళీ శుభ్రంగా రాకపోతే ల్యాబు మూసేద్దాం మల్లేశ్వరీ, అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, అలసట.

నేను మాత్రం సారుకి ఏమీ చెప్పలేదు.

ఆ ఆదివారమే తుపాను. గిలకలదిండిలో మా వాళ్లందర్నీ ముందు రోజే బందరు స్కూలుకి తరలించారు. అక్కడ పొట్లాం పులిహోర తింటూ చంటిపిల్లల ఏడుపుల మధ్య కూర్చోవడం కంటే ల్యాబే నయమనిపించింది. ఫ్రీజరు సంగతి చూడాలి, ఖాళీ సంగతీ చూడాలి. మధ్యాహ్నం రెండింటికి వెళ్లాను. సందులో మోకాలి లోతు నీళ్లు. కొట్టు మూసేశారు. మెట్ల మలుపులో పెట్టిన వాళ్ల జనరేటరు నుంచి మాకు ఒక వైరు ఉంది. జనరేటరుని నేనే తిప్పి ఆన్ చేసి పైకెక్కాను.

అప్పటికే బయట మునిమాపులా ఉంది. కిటికీ రెక్కలు గాలికి కొట్టుకుంటుంటే తాడు పెట్టి కట్టేశాను. వాన గోడల్ని ఎవరో చీపురుతో బాదుతున్నట్టు పడుతోంది. లోపల ట్యూబులైటు ఒకటే. బ్లీచింగు వాసన, దాని కింద ఎప్పుడూ ఉండే ఫినాల్ వాసన. తీపీ కాదు, చేదూ కాదు, ఆసుపత్రి వాసన కూడా పూర్తిగా కాదు. ఆ వాసన నాకు ఇంట్లో దుప్పటిలో కూడా వస్తుంది.

ఆరు ట్యూబులు తీశాను. ఆరింట్లోనూ ఉత్త నీళ్లు. ఖా-1 నుంచి ఖా-6 దాకా నంబర్లు వేశాను. ఫినాల్ మందు పోసేటప్పుడు గ్లవ్ చిరిగి కుడి చేతి బొటనవేలి మీద, చూపుడు వేలి మీద పడింది. కుళాయి కింద చాలాసేపు కడిగాను. తోలు తెల్లగా అయిపోయింది. ఫినాల్ కాలిస్తే అలాగే ఉంటుంది. మొదట మంట, తర్వాత మొద్దు. గిల్లినా తెలియదు. కొత్త గ్లవ్ తొడుక్కుని మళ్లీ పనిలో పడ్డాను.

క్లోరోఫాం కలిపి ఆరు ట్యూబుల్నీ తిప్పే మెషీన్లో పెట్టాను. ఆ మెషీన్లో ట్యూబుల్ని ఎదురెదురుగా పెట్టాలి. ఒకదానికి ఎదురుగా అంతే బరువు ఉండాలి. లేకపోతే బల్లంతా ఊగిపోతుంది. మూడు జతలు పెట్టాను. మూత వేసి మీట నొక్కాను.

బల్ల ఊగింది.

ఆపాను. మూత తీశాను. లెక్కపెట్టాను.

ఏడు ఉన్నాయి.

ఏడోది ఎదురు లేకుండా ఒక్కటే ఉంది. మూత మీద నా చేతిరాత... శో-3. లోపల గులాబీ మందు, అందులో నలిగిన పిల్ల. అన్నీ పోసి, కలిపి, సిద్ధంగా ఉంది.

ఫ్రీజరు దగ్గరికి వెళ్లి మూడో పెట్టె తీశాను. శో-2 ఉంది. శో-4 ఉంది. మధ్యలో గుంట ఖాళీ. గుంట చుట్టూ మంచు ఇంకా కరగలేదు. నేనే తీశానా? ఏమో. ఈ మూడు వారాలుగా నిద్ర లేదు, పొద్దున వేసిన తాళం సాయంత్రానికి గుర్తుండదు. నేనే తీసి ఉండొచ్చు. అలా అనుకుంటే కొంచెం నయంగా అనిపించింది. ట్యూబుని తీసి చెత్త డబ్బాలో పడేశాను. ఠక్కుమని అడుగున పడిన చప్పుడు విన్నాను. మూత వేసి మళ్లీ మీట నొక్కాను.

బల్ల ఊగింది.

మూత తియ్యక ముందే తెలుసు. తీశాను. ఏడు.

అరవాలి కదా. పరిగెత్తాలి కదా. నాకేమీ రాలేదు. నిలబడి ఉన్నానంతే. తర్వాత ఒక ట్యూబులో నీళ్లు పోసి శో-3కి ఎదురుగా పెట్టి బరువు సరిచేశాను. ఏం చెయ్యమంటారు? మెషీన్ పాడైతే సారు నన్నే అంటాడు. మీట నొక్కితే ఈసారి నున్నగా తిరిగింది.

అది తిరుగుతున్న చప్పుడులో... వరండాలో...

టప్.

వానచినుకు అనుకున్నాను. వాన అలా పడదు.

టప్.

బురద వాసన వచ్చింది. చెరువు ఎండగట్టినప్పుడు అడుగున తేలే నల్ల బురద వాసన. బ్లీచింగుని, ఫినాల్‌ని తోసుకుని లోపలికి వచ్చింది. వరండా తలుపు సగం తెరిచి ఉంది. అటు చూడలేదు. చూస్తే ఏముంటుందో అని కాదు, చూడాలన్న కోరికే లేదు. ఇనప బెంచీ కిర్రుమంది... బరువైన మనిషి కూర్చుంటే వచ్చే చప్పుడు.

"అయిందా అమ్మా?"

గొంతు చాలా చిన్నగా ఉంది. నోట్లో నీళ్లు పెట్టుకుని మాట్లాడినట్టు. ఏడేళ్ల అలవాటు, నా నోరు దానంతటదే కదిలింది.

"కూర్చోండి బాబాయ్. టైం పడుతుంది."

అటు నుంచి ఇంకేమీ రాలేదు. టప్ మాత్రం వస్తూనే ఉంది. ఆపమని ఈసారి వేళాకోళం ఆడలేదు.

ఏడింట్లోంచీ తేట తీశాను. ఆల్కహాల్ పోశాను. తిప్పాను. ఆరు ఖాళీల్లో అడుగున ఏమీ లేదు. శో-3లో మాత్రం తెల్ల చుక్క. మామూలు కంటే పెద్దది. స్పిరిటు పోసి కడిగి వంచాను. అది ఒకటోసారి. తర్వాత నేను చేసిన పనికి సిగ్గుపడాలి, కానీ జరిగింది జరిగినట్టే చెబుతున్నాను. నా చెయ్యి స్పిరిటు సీసా వైపు వెళ్లలేదు. అలవాటుగా, ఎండబెట్టే బల్ల వైపు వెళ్లింది. ఈ ఒక్కటీ మొద్దుబారితే, పచ్చ గీత ఈసారి కూడా లేవకపోతే, ఏమీ రాలేదని రాసుకోవచ్చు. ఫ్రీజరు కడిగెయ్యొచ్చు. ఎవరికీ ఏమీ తెలియదు.

టప్ ఆగిపోయింది.

బెంచీ కిర్రుమంది. తడి పాదాలు... గచ్చు మీద... ఒక్కోటీ. తలుపు దగ్గర ఆగలేదు. నా వెనక ఆగాయి. నా జాకెట్టు వీపు దగ్గర చల్లగా తడిసింది. చెవి పక్కన...

"ఇంకోసారి."

"కడుగుతాను," అన్నాను. "కడుగుతాను బాబాయ్."

"చెబుతావా?"

"చెబుతాను. అంతా చెబుతాను. నేనే కడగలేదని చెబుతాను."

కళ్లు మూసుకుని స్పిరిటు పోశాను. రెండోసారి కడిగాను. మూడోసారి కూడా కడిగాను. చేతులు వణకలేదు. వణికితే బాగుండేది. కళ్లు తెరిచేసరికి వెనక ఎవరూ లేరు. గచ్చు తడిగా ఉందంటే, నేను వచ్చిందే మోకాలి లోతు నీళ్లలోంచి. పీసీఆర్ మెషీన్ ముందు కుర్చీ వేసుకుని రెండు గంటలు కూర్చున్నాను.

ఆరు ఖాళీలూ నేలకంటి ఉన్నాయి. మూడు వారాల తర్వాత మొదటిసారి. శో-3లో పచ్చ గీత లేచింది. దానికంటే ముందే ఎర్ర గీత లేచింది. నిట్టనిలువుగా లేచింది. అంత జబ్బు పట్టిన సీడ్‌ని నా ఏడేళ్లలో చూడలేదు.

ఆ పొద్దున నాలుగు గంటలు ఆగి ఉంటే ఆయన ఆ పిల్లని చెరువులో వేసేవాడు కాదు. అంతే కదా. అంత మాత్రమే కదా.

రెండు రోజులకి రోడ్లు తెరిచారు. రిపోర్టు ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని అవనిగడ్డ బస్సెక్కాను. దారి పొడుగునా వరి పడిపోయి ఉంది, కరెంటు స్తంభాలు పడిపోయి ఉన్నాయి. చెప్పాల్సిన మాటలు లోపల్లోపల వల్లె వేసుకున్నాను. కడగలేదు. పచ్చ గీత లేవలేదు. చూశాను. సంతకం పెట్టాను. నాలుగే మాటలు.

వాళ్ల ఇల్లు నాగాయలంక దాటాక రెండు కిలోమీటర్లు. సరోజ గారు మంచినీళ్లు ఇచ్చారు. నాయనమ్మ మంచం మీద గోడకానుకుని ఉంది. వినీల లోపలి గది గుమ్మంలో నిలబడింది, బయటికి రాలేదు. గుమ్మం పక్కన మేకుకి శోభనాద్రి గారి రబ్బరు బ్యాండ్లన్నీ గుత్తిగా వేలాడుతున్నాయి. నేను రిపోర్టు తీసి నాయనమ్మకి వినబడేలా గట్టిగా చదివాను. జబ్బు పిల్లలోనే ఉందండీ, చెరువులో వెయ్యక ముందే ఉంది, గట్టెక్కడానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు, ఎవరు ఏ రోజున ఎక్కినా అవి చచ్చేవే, అన్నాను. నాయనమ్మ మొహం గోడవైపు తిప్పుకుంది. వినీల గుమ్మం దాటి ఇవతలికి వచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది. కాగితం తీసుకుని మూడుసార్లు చదువుకుంది. ఆ పిల్ల భుజాలు కిందికి దిగడం చూశాను. చాలా రోజుల తర్వాత నాకేదో అనిపించింది.

అప్పుడు తలెత్తి అడిగింది.

"మరి అప్పుడు లేదని ఎందుకు వచ్చిందక్కా?"

నాలుగే మాటలు. నోట్లోనే ఉన్నాయి.

"మెషీన్ సరిగ్గా పనిచెయ్యలేదమ్మా ఆ రోజు."

సరోజ గారు నా చేతిలోంచి ఖాళీ గ్లాసు తీసుకున్నారు. "అయితే ఎవరి తప్పూ కాదన్నమాట," అన్నారు.

"కాదండీ," అన్నాను.

మిగతాది ఇంకోసారి వచ్చినప్పుడు చెబుదాం అనుకున్నాను. ఇప్పటికి పిల్ల తేరుకుంది కదా, అది చాలు కదా అనుకున్నాను. వినీల బస్సు దాకా వస్తానని లేచి చెప్పులు వేసుకుంటూ మేకు వైపు చూసింది. ఆదివారం సాయంత్రం నుంచి ఇవి తడిగానే ఉన్నాయక్కా, ఎండలో పెట్టినా ఆరట్లేదు, ఏదో వాసన కూడా, అంది. గుత్తి తీసి నా ముక్కు దగ్గర పెట్టింది. బురద వాసన కాదు. ఫినాల్. మా ల్యాబు వాసన.

ఏమీ తెలియట్లేదమ్మా అని చెప్పి బస్సెక్కాను.

అవనిగడ్డ దాటాక కిటికీ పక్క సీటు దొరికింది. కుడి చెయ్యి ఒళ్లో పెట్టుకుని చూశాను. బొటనవేలు, చూపుడు వేలు ఇంకా తెల్లగానే ఉన్నాయి. మిగతా మూడు వేళ్లు కూడా తెల్లబడ్డాయి. ఫినాల్ వాటి మీద పడలేదు కదా అనుకుంటూ చుడీదారు చెయ్యి పైకి మడిచాను.

మణికట్టుకి రబ్బరు బ్యాండు ఉంది. బిగుసుకుపోయి తోలులోకి దిగి ఉంది. ఎప్పుడు వేసుకున్నానో తెలియదు. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. నొప్పి లేదు. పక్క సీట్లో నిమ్మకాయల బుట్ట పెట్టుకున్న ఆవిడ చాకు ఇస్తే దాన్ని జాగ్రత్తగా కోసి తీశాను.

దాని కింద ఇంకొకటి ఉంది.